పచ్చతెరకు పట్టుచీర



ఈ టపాలో కొంత కటువుగా మాట్లాడబోతున్నాను. మీలో సగానికి పైగా సాఫ్టువేరు రంగంలో ఉన్నవారని ఎరుగుదును గనుక ముందుగానే క్షమాపణ కోరుతున్నాను. అయితే చెప్పవలసిన మాటను మాత్రం తగ్గించను.

క్రిందటి ఆదివారం నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. పదవ తరగతిలో సంధి పేరు అడిగితే సమాసం పేరు చెప్పేవాడు. ఇప్పుడు హైదరాబాదులో అతని చేతిక్రింద ఇరవైమంది పనిచేస్తున్నారు. ఇక్కడి ఒక సంస్థలో (పేరు అతడు చెప్పలేదు, నేను అడగలేదు) ముప్పై యేళ్ళనాటి లెక్కల వ్యవస్థ ఉన్నదట. కోబాల్ భాషలో వ్రాసినది, యూనిక్సు మీద నడిచేది. నల్లని తెర మీద పచ్చని అక్షరాలు. మౌసు లేదు, బొమ్మ లేదు. దానిని బ్రౌజరులోకి మార్చే పని వీరికి వచ్చినది. ఎనిమిది నెలలలో ముగించారట. ల్యాప్‌టాపు తెరిచి చూపించాడు. పైన నీలిరంగు పట్టీ, గుండ్రని అంచుల గడులు, మౌసు దగ్గరకు పోగానే రంగు మార్చుకొనే బొత్తాలు. చూడముచ్చటగానే ఉన్నది, కాదనను.

"లోపల ఏమేమి మార్చారు నాయనా?" అని అడిగాను.

"లోపల ఏమీ ముట్టుకోలేదు మాస్టారూ. అదే ఇందులోని గొప్ప" అన్నాడు.

ఆ గొప్ప మీదనే ఈ టపా.

(బ్రౌజరు అన్నానని కొందరు మిత్రులకు కోపం రావచ్చు. విహరిణి అనే మాట నాకూ ఇష్టమే. కాని ఇది నలుగురికీ అర్థం కావలసిన తగవు. అందుచేత ఇవాళ్టికి బ్రౌజరే.)

పచ్చతెరను చూడని పిన్నవారి కోసం నాలుగు మాటలు. 1971లో ఐబీఎం సంస్థ 3270 అనే పేరుతో ఒక తెరల కుటుంబాన్ని తెచ్చినది. అందులో బాగా వాడుకకెక్కిన కొలత వరుసకు 80 గడులు, 24 వరుసలు. వెరసి 1920 గడులు. గడికొక అక్షరం, అదీ రోమను అక్షరం. తెర లోపలి పూత పచ్చగా వెలుగుతుంది గనుక పచ్చతెర. (ఆ పూతను ఫాస్ఫర్ అంటారు. దానిని భాస్వరమని అనువదించకండి. భాస్వరం ఒక మూలకం, ఇది వేరు.) ఆ 80 ఎక్కడి నుండి వచ్చినదయ్యా అంటే, 1928లో అదే సంస్థ తెచ్చిన చిల్లుల అట్టలో నిలువు వరుసలు 80. అట్ట పోయినది, కొలత మిగిలినది. 1978లో డిజిటల్ సంస్థవారు తెచ్చిన వీటీ100 తెర కూడ మామూలుగా 80 గడులదే. తాతగారి చొక్కా కొలతకు మనుమలందరూ చొక్కాలు కుట్టించుకున్నట్లు, దానికి ముందువెనుకల యంత్రాలెన్నో ఆ కొలతలోనే ఒదిగిపోయాయి.

పచ్చతెర మీద నాకు ద్వేషం లేదు. పైపెచ్చు కృతజ్ఞత ఉన్నది. ఒకనాడు కాశీయాత్రకు పోవాలంటే తిరుగు ప్రయాణపు బెర్తు కోసం స్టేషనులో తంతి కొట్టించి, జవాబు కోసం దేవుడికి మ్రొక్కుకొనేవాళ్ళం. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలైనది. తరువాత రైల్వేవారి క్రిస్ సంస్థ 'కాన్సర్ట్' అనే వ్యవస్థను తయారుచేసి 1994లో మొట్టమొదట నడిపినది మన సికింద్రాబాదులోనే. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు అయిదూ ఒక్కటిగా కలిసిపోయాయి. ఇక్కడి కిటికీ ముందు నిలబడి ఎక్కడి నుండి ఎక్కడికైనా బెర్తు తీసుకోవచ్చు. ఇంత పనినీ చేసినవి అక్షరాలు తప్ప బొమ్మ లేని ఆ తెరలే.

ఆ రోజులలో కిటికీ లోపలి గుమాస్తాను చూస్తూ నిలబడడం నాకొక వేడుక. ఆయన చూపు మన కాగితం మీద ఉండేది. వ్రేళ్ళు మాత్రం మీటల మీద, మృదంగం మీద విద్వాంసుని వ్రేళ్ళవలె, తమంతట తాము పోతూ ఉండేవి. తెర మారకముందే తరువాతి తెరకు కావలసిన మీటలు కూడ కొట్టేసేవాడు. యంత్రం వాటిని వరుసలో దాచుకొని, తన వంతు రాగానే అందుకొనేది. ఆ విద్య ఏ పుస్తకంలోనూ లేదు. పది పదిహేనేళ్ళ అభ్యాసంతో వ్రేళ్ళలోకి దిగినది.

ఇప్పుడు ఆ వ్రేళ్ళ సంగతే చెబుతాను.

పచ్చతెరను బ్రౌజరుగా మార్చడానికి మూడు దారులున్నాయని నా శిష్యుడు వివరించాడు. మొదటిది, పాత తెరలో ఏ గడిలో ఏమున్నదో గుర్తుపెట్టుకొని, ఆ అక్షరాలను గీకి తెచ్చి వెబ్ పుటలో అతికించడం. దీనిని వారు స్క్రీన్ స్క్రేపింగ్ అంటారు. నేను తెరగీకుడు అంటాను. ఐబీఎం వారు హ్యాట్స్ అనే సాధనాన్ని అమ్మినది ఇటువంటి పనికే. వెనుక పచ్చతెర అలాగే ఉంటుంది. మీరు అందమైన బొత్తాన్ని నొక్కితే, లోపల ఎవరో ఎంటరు మీట నొక్కినట్లు అది నటిస్తుంది. రెండవది, పాత తెరల వర్ణన వ్రాసి ఉన్న మూలాన్ని యంత్రం చేతనే చదివించి వెబ్ పుటలుగా మార్పించడం. మూడవది, అన్నిటినీ మళ్ళీ మొదటి నుండి వ్రాయడం. అది ఖరీదు, అపాయం. మొదటి రెండు దారులకే గిరాకీ ఎందుకంటే వాటిలో లోపల ముట్టుకోనక్కరలేదు.

సరే, ముట్టుకోకండి. కాని పైన మార్చినదైనా ఆ గుమాస్తాను అడిగి మార్చారా?

మా మేనకోడలు ఒక ఋణసంస్థలో పాతిక సంవత్సరాలుగా పద్దులు ఎక్కిస్తున్నది. వారి పచ్చతెరలో ఎఫ్3 అంటే బయటికి, ఎఫ్12 అంటే వెనక్కి, ఎఫ్5 అంటే వేసినది తుడిచి మొదటి స్థితికి. ఇవి ఐబీఎం వారు 1987 నుండి తమ వ్యవస్థలన్నిటికీ ఒకే మర్యాద ఉండాలని ఏర్పరచిన పద్ధతికి చెందిన మీటలు. బ్రౌజరు వచ్చిన మొదటిరోజున ఆమె అలవాటు కొద్దీ ఎఫ్12 నొక్కినది. తెర సగానికి చీలి క్రింది భాగంలో ఏవేవో సంకేతాలు ప్రత్యక్షమయ్యాయి. వైరసు పట్టినదని భయపడి ఆమె మేనేజరును పిలిచినది. ఆయనకూ తెలియక ఇంకొకరిని పిలిచాడు. బ్రౌజరులో ఎఫ్12 అంటే ప్రోగ్రాములు వ్రాసేవారి పనిముట్ల పెట్టె అని సాయంత్రానికి తేలినది. ఎఫ్5 కథ ఇంకా చెడ్డది: పుట మొదటికి వచ్చి, వ్రాసినదంతా పోయేది. ఇక తప్పు దిద్దుదామని బ్యాక్‌స్పేస్ నొక్కితే కొన్నిసార్లు అక్షరానికి బదులు పుటే వెనక్కి పోయేది. క్రోము బ్రౌజరువారు ఆ దురలవాటును 2016లో మానుకున్నారు. అప్పటిదాకా ప్రపంచంలో ఎందరు గుమాస్తాలు ఎన్ని పద్దులు రెండుసార్లు వ్రాశారో చిత్రగుప్తునికే తెలియాలి.

అంతకంటె పెద్ద బాధ, చెయ్యి. ప్రతి పద్దుకూ మీటలు విడిచి మౌసు వద్దకు, మౌసు విడిచి మీటల వద్దకు. సాయంత్రానికి మణికట్టు పట్టుకొని కూర్చునేది. కిటికీ బయట వరుస పొడవైనది. వరుసలో ఉన్నవారు తిట్టినది ప్రోగ్రాము వ్రాసినవారిని కాదు, ఈమెను.

దీనికి నా శిష్యుడు చెప్పిన సమాధానం న్యాయమైనదే. "మాస్టారూ, కొత్తగా చేరిన పిల్లలకు ఆ పచ్చతెర కోడ్లు నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. బ్రౌజరైతే రెండోరోజుకే పని మొదలుపెడతారు" అన్నాడు. నిజం. కాని ఆ కొత్తపిల్ల రెండేళ్ళకు పాతదవుతుంది గదా! అప్పుడు ఆమె వ్రేళ్ళు వేగం కోరవా? ఇల్లు కట్టేటప్పుడు చుట్టపు చూపుగా వచ్చేవాడికి దారి తెలియడం ముఖ్యమే. కాని రోజూ వంటచేసే మనిషికి చెయ్యి చాచినచోట గరిటె అందాలని ఎవరూ ఎందుకు అడగరు? వెబ్ పుటలో మీటలతో నడిచే ఏర్పాటు చేయడం అసాధ్యమా అని అడిగాను. కొన్ని మీటలను బ్రౌజరే పట్టుకుంటుంది గాని, మిగతా వాటితో చేయవచ్చునట. "ఎవరూ అడగలేదు" అన్నాడు. అడగవలసినవాళ్ళు కిటికీ లోపల ఉన్నారు. ఒప్పందం మీద సంతకం చేసినవాళ్ళు పై అంతస్తులో ఉన్నారు.

ఒక వింత కూడ చెప్పి ముందుకు సాగుతాను. 3270 తెరలో గడులన్నీ నింపి, ఒక్కసారి ఎంటరు నొక్కితే, అప్పుడు మొత్తం కట్టగట్టి పెద్ద యంత్రానికి పోయేది. వెబ్ పుటలోని ఫారం ప్రాథమికంగా చేసే పనీ అదే. మనవాళ్ళు ముసలిదని వెక్కిరించినది వారి కొత్తపెళ్ళికూతురికి మేనత్తే.

ఇంతవరకు చెప్పినది పోగొట్టుకున్న మంచిని గురించి. నా అసలు కోపం ఉంచుకున్న చెడ్డను గురించి.

పాత రోజుల రైలు రిజర్వేషను కాగితం గుర్తున్నదా? పేరు పెద్ద ఏబీసీడీలలో, 15 అక్షరాలకు మించకుండా వ్రాయమని దాని మీద అచ్చువేసి ఉండేది. ఇటువంటి హద్దులు ఆ కాలపు వ్యవస్థలన్నిటిలో ఉన్నాయి. కొన్నిటిలో 20, కొన్నిటిలో 25. డిస్కు ఖరీదు, తెర వెడల్పు 80, వయస్సుకూ ఊరుకూ డబ్బుకూ అందులోనే చోటు సర్దాలి. ఆనాడు అది అవసరం, ఒప్పుకుంటాను. ఈనాడు బ్రౌజరులోని గడి ఎంత పొడవైనా సాగుతుంది. అయినా దాని వెనుక కోబాల్ ఫైలులో పేరుకు పదిహేను గడులే ఉంటే, పైన పట్టుచీర ఎంత పొడవున్నా లోపలి మనిషి పదిహేనంగుళాలే.

ఇప్పుడొక ఉదాహరణ. మా పాఠశాలలో డ్రిల్లు మాస్టారొకరు ఉండేవారు. అసలు పేరు వ్రాయను, లక్ష్మీనరసింహ అనుకోండి. ఆంగ్లంలో వ్రాస్తే లక్ష్మికి ఏడక్షరాలు, నరసింహకు తొమ్మిది, మొత్తం పదహారు. యంత్రానికి పదిహేనే పట్టాయి. చివరి 'ఏ' అక్షరం రాలిపోయినది. లక్ష్మీనరసింహ కాస్తా లక్ష్మీనరసింహ్ అయినాడు.

మనది అజంత భాష అని తరగతి గదిలో గొంతు చించుకొని చెప్పినవాణ్ణి. పదాంతంలో అచ్చు పోవడానికి నాకు తెలిసిన కారణం సంధి ఒక్కటే. అకారసంధి బహుళమే, ఒప్పుకున్నాను. కాని పరమందు అచ్చు లేనిదే సంధి రాదు గదా! ఇక్కడ పరమందు అచ్చూ లేదు, హల్లూ లేదు. పదహారవ గడి లేదు, అంతే. బాలవ్యాకరణమంతా తిరగేసినా ఈ లోపానికి సూత్రం దొరకదు.

డ్రిల్లు మాస్టారు బ్రతికినన్నాళ్ళు దీనిని పట్టించుకోలేదు. పచ్చతెర ముందు కూర్చున్న గుమాస్తా కూడ పట్టించుకోలేదు. మాస్టారి ముఖం ఆయనకు తెలుసు, పేరు చివర ఒక అక్షరం పోయినదనీ తెలుసు. చేతిలో ఉన్న కాగితంతో సరిపోల్చి పని చేసి పంపించేవాడు. అంటే ఆ పదహారవ గడి గుమాస్తా బుర్రలో ఉండేది.

తరువాత ఆ కార్యాలయం (ఏదని అడగకండి) తన వ్యవస్థను బ్రౌజరులోకి మార్చుకున్నది. లోపల ముట్టుకోలేదు. పైన మాత్రం, గుర్తింపు కార్డులోని పేరుతో అక్షరాక్షరం సరిపోల్చే ఏర్పాటు ఒకటి కొత్తగా చేర్చారు. మాస్టారు పోయారు. ఆయన భార్య కుటుంబ పింఛను కోసం దరఖాస్తు పెట్టుకున్నది. కార్డులో పదహారు అక్షరాలు, ఫైలులో పదిహేను. ఎర్రని అక్షరాలతో వద్దన్నది తెర. మళ్ళీ పెట్టినది, మళ్ళీ వద్దన్నది. ఆమెతో కూడ నేనే మూడుసార్లు వెళ్ళాను. అక్కడి యువకుడు మంచివాడే. "అమ్మా, నాకు అర్థమవుతున్నది, కాని సిస్టం తీసుకోవడం లేదు. ఇక్కడ నేను దిద్దడానికి వీలు లేదు" అన్నాడు. పాత గుమాస్తా చేయగలిగిన పని ఈ కొత్త తెర ముందు చేయడానికి లేదు. ఇద్దరు పేరుగలవారూ ఒక్కరేనని నోటరీ దగ్గర ప్రమాణపత్రం, దాని మీద ఒక అధికారి సంతకం, ఆ సంతకానికి మరొక అధికారి సంతకం. ఒక్క అకారం కోసం ఏడు నెలలు. ఆ ఏడు నెలలూ ఆమె కూతురింట్లో, అల్లుడి ముఖం చూస్తూ గడిపినది. భర్తతో కలిసి నలభై యేళ్ళు బ్రతికిన మనిషిని, ఆయన వేరు నీ భర్త వేరు అన్నది యంత్రం.

దీనిని ఆధునికీకరణ అంటున్నారు.

"లోపల చెయ్యి పెట్టడం ఎంత ప్రమాదమో మీకు తెలియదు మాస్టారూ" అన్నాడు నా శిష్యుడు. తెలుసు నాయనా. చదువుతూనే ఉన్నాను. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు తన లెక్కలనన్నిటినీ ఒకేసారి కొత్త వ్యవస్థలోకి తరలించబోయి, లక్షల మంది ఖాతాదారులను తమ డబ్బుకు తామే దూరమయ్యేటట్లు చేసినది. 2022లో అక్కడి నియంత్రణ సంస్థలు దానికి 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. ముప్పై యేళ్ళ పాత ప్రోగ్రాములో ఎవరూ ఎక్కడా వ్రాసిపెట్టని నియమాలు వందలుంటాయి. ఒక గోడ తీస్తే ఏ దూలం ఎక్కడ కూలుతుందో తెలియదు. కనుక కూలగొట్టమని నేను అనడం లేదు. కూలగొట్టడానికీ చీర చుట్టడానికీ నడుమ మరో దారే లేదా అంటున్నాను.

ఆ దారి ఉన్నదని నిరూపించినది మన తెలుగువారే! సంవత్సరానికి రెండంకెలే దాచుకున్నందున 2000 సంవత్సరం రాగానే యంత్రాలు 1900 అనుకుంటాయని లోకమంతా గడగడలాడినది గుర్తులేదా? 1998, 1999లలో అమీర్‌పేటలో మెట్లెక్కిన ప్రతి మేడ మీదా కోబాల్ నేర్పేవారు. అవి నేర్చుకొని మన పిల్లలు సముద్రాలు దాటి, ఎవరో ఎప్పుడో వ్రాసిన లక్షలాది పంక్తులలో తేదీ ఉన్నచోటునల్లా వెతికి, రెండంకెలను నాలుగు చేశారు. చేయలేనిచోట ఒక ఉపాయంతో గట్టెక్కించారు. ఆ ప్రోగ్రాములు అంతకు ముందు పవిత్రాలు, అస్పృశ్యాలు. డబ్బుకు అపాయమని తెలియగానే తెరుచుకున్నాయి. తేదీలో రెండు గడుల కోసం ప్రపంచమంతా లోపల చెయ్యి పెట్టినది. మనిషి పేరులో ఒక్క గడి కోసం మాత్రం ముట్టుకోరాదట! ఇది యంత్రశాస్త్రం చెప్పిన తీర్పు కాదు. దేనికి విలువ ఉన్నదో నిర్ణయించినవారి తీర్పు.

పోనీ, పాత ఫైలును ముట్టుకోవద్దు. దాని ప్రక్కనే మరొక ఫైలు పెట్టి, ఖాతా సంఖ్యతో ముడివేసి, అందులో పూర్తిపేరు దాచుకోవచ్చా అని అడిగాను. కొంచెం ఆలోచించి, "పెట్టవచ్చు. పాత ప్రోగ్రాములకు ఆ ఫైలు ఉన్నదని కూడ తెలియనక్కరలేదు. రెండు మూడు వారాల పని" అన్నాడు. మరి ఎందుకు పెట్టలేదు? మళ్ళీ అదే జవాబు. ఎవరూ అడగలేదు.

ఇక తెలుగు సంగతి. మనమందరం యూనికోడులో వ్రాసుకొనేవాళ్ళం. మనం పట్టించుకోకపోతే ఎవరు పట్టించుకుంటారు?

పచ్చతెర ఆఫీసులలోకి వచ్చిన రోజున తెలుగు అక్కడి నుండి బయటికి నడిచినది. అది ఎవరి కుట్రా కాదు. గడికొక రోమను అక్షరం పట్టే తెరలో మన గుణింతానికి చోటు లేదు. ఆనాడు కూడ మనవారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. సీడ్యాక్ వారి జిస్ట్ పరికరాలు అటువంటి అక్షరాల తెరల మీదనే భారతీయ లిపులను చూపించాయి. 1991లో ఇస్కీ అనే సంకేతపద్ధతి జాతీయ ప్రమాణమైనది. అదే సంవత్సరం యూనికోడు మొదటి సంపుటిలోనే తెలుగుకు స్థానం దొరికినది. ఎక్స్‌పీ విండోసుతో గౌతమి ఖతి వచ్చినది. బ్రౌజరులో తెలుగు కనబడినరోజున మనం చేసుకున్న పండుగ మనకు తెలుసు. పచ్చతెర ససేమిరా చేయలేనిది, బ్రౌజరు ఇట్టే చేయగలిగేది ఒక్కటే ఒక్కటి ఉన్నదంటే, అది తెలుగు చూపించడం. పచ్చతెరను తీసి బ్రౌజరు పెట్టేవారు గుండ్రని అంచులు పెడుతున్నారు, నీలిరంగు పెడుతున్నారు, కదిలే బొత్తాలు పెడుతున్నారు. ఆ ఒక్కటీ మాత్రం పెట్టడం లేదు.

ఆదివారంనాడు నా శిష్యుని ఎదుటనే పరీక్ష చేశాను. అతని పరీక్షావ్యవస్థలో, పేరు గడిలో, తెలుగులో లక్ష్మీనరసింహ అని కొట్టించాను. గడి హుందాగా చూపించినది. "భద్రపరచు నాయనా" అన్నాను. భద్రపరచి, ఆ పద్దును మళ్ళీ తెరిచాడు.

లక్ష్.

అంతే వచ్చినది. అతడు నవ్వలేదు, నేనూ నవ్వలేదు. కారణం అతడే లెక్కవేసి చెప్పాడు. ఛందస్సు చెప్పే నాకు ఆ పేరులో అక్షరాలు ఆరు: ల, క్ష్మీ, న, ర, సిం, హ. తగణం, జగణం, లెక్క సరి. యూనికోడు లెక్కలో సంకేతాలు పదమూడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడిదీర్ఘం, న, ర, స, గుడి, సున్న, హ. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచేటప్పుడు తెలుగు సంకేతం ఒక్కొక్కటికి మూడు బైట్లు, వెరసి ముప్పైతొమ్మిది. పాత ఫైలులోని పదిహేను గడులలో సరిగ్గా అయిదు సంకేతాలు పట్టాయి. ఆంగ్లంలో ఒక్క అచ్చు పోయిన మనిషికి తెలుగులో నరసింహుడు మొత్తం పోయినాడు. లక్ష్మి కూడ సగమే మిగిలినది.

ఈ లెక్కలో యూనికోడువారి తప్పు కూడ కొంత ఉన్నదని చెప్పక తప్పదు. ఏది ఒక అక్షరమో తేల్చే వారి సూత్రం ప్రకారం క్ష్మీ వంటి సంయుక్తాక్షరం చాలాకాలం మూడు ముక్కలు. దానిని ఒక్కటిగా లెక్కించే సవరణ 2023లో, 15.1వ సంపుటిలో వచ్చినది. క్ష్మీ ఒక్క అక్షరమేనని మా ఒకటో తరగతి పిల్లలు ఏనాడో ఒప్పుకున్నారు. ఆలస్యమైనా ఒప్పుకున్నందుకు సంతోషం.

ఇదంతా ఇప్పుడు ఎందుకు వ్రాస్తున్నానంటే, రైల్వేశాఖ 2025 జూన్‌లో ఒక ప్రకటన చేసినది. ఐటానియం యంత్రాల మీద, ఓపెన్ వీఎంఎస్ మీద నడుస్తున్న రిజర్వేషను వ్యవస్థకు బదులుగా కొత్తది తయారవుతున్నదని, నిమిషానికి 32 వేల టికెట్లకు బదులు లక్షన్నర ఇవ్వగలదని, అది బహుభాషలలో ఉంటుందని అందులో చెప్పారు. 2002లో అంతర్జాలంలో టికెట్లు మొదలైనప్పుడు వచ్చినది పాత వ్యవస్థకు ఒక కొత్త గుమ్మం మాత్రమే. అర్ధరాత్రి ముందువెనుకల పెద్ద వ్యవస్థ కాసేపు తలుపులు మూసుకుంటే, ఈ గుమ్మం కూడ మూసుకొనేది. ఈసారి మారుతామంటున్నది పునాది. బహుభాషలంటే బొత్తాల మీది మాటలు మాత్రమే తెలుగులో ఉండడమా, లేక ప్రయాణికుని పేరు తెలుగులో లోపలికి పోయి తెలుగులోనే బయటికి రావడమా? మొదటిది చీర, రెండవది మనిషి. నిమిషానికి లక్షన్నర టికెట్లు ఇవ్వగల యంత్రం ముప్పైతొమ్మిది బైట్లకు బీదపడదు గదా.

మీలో ఇటువంటి పనులు చేసేవారు ఉన్నారు. కొందరు నా శిష్యులే. ఒప్పందంలో లేదనీ, ఎవరూ అడగలేదనీ మీరు చెబుతారు. ఇదిగో, నేను అడుగుతున్నాను. నాకు ఒప్పందం వ్రాసే అధికారం లేదు. కాని మీరు వ్రాసే ప్రతి ఫైలులో పేరు గడి పొడవెంతో నిర్ణయించే క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణంలో మీ ఇంటిపేరుతో సహా మీ తాతగారి పూర్తిపేరు తెలుగులో వ్రాసి, భద్రపరచి, మళ్ళీ తెరిచి చూడండి. పాత గుమాస్తాను ప్రక్కన కూర్చోబెట్టుకొని, మౌసు దాచేసి, ఒక పూట పని చేయించి చూడండి.

నా శిష్యుడు వెళ్ళేటప్పుడు ఒక కోరిక కోరాడు. పరీక్షలకు వాళ్ళు ఎప్పుడూ జాన్, స్మిత్ అనే పేర్లే వాడుతున్నారట. నిజమైన తెలుగు పేర్లు, పొడవైనవి, ఒత్తులున్నవి కొన్ని వ్రాసిమ్మన్నాడు. నా దగ్గర పాత హాజరుపట్టీల నకళ్ళున్నాయి. ఇంటిపేర్లు తీసేసి, పేర్లు మాత్రం ఏరి, ఒక తెల్లకాగితం మీద వరుసగా వ్రాసి ఇచ్చాను: వేంకటసుబ్రహ్మణ్యేశ్వరశాస్త్రి, రాజరాజేశ్వరీదేవి, సత్యనారాయణమూర్తి, వీరవేంకటసత్యవరప్రసాదు, ఆంజనేయస్వామి, జ్ఞానప్రసూనాంబ. అరవై రెండు వచ్చాయి. చాలకపోతే పదవ తరగతి బి సెక్షను పట్టీ ఇంకా అటకమీద ఉన్నది, దింపిస్తానన్నాను.